బెల్లం చెవులు

ఆనేకల్,
4 జూన్ 2025.

చైత్రకు,

మేనత్త అక్కయమ్మ దీవెనలు. మీ నాన్న మునీంద్రకు మోకాలి నొప్పి తగ్గిందా? నూనె రాసుకోమని చెప్పు. రాసుకోడని తెలుసు, అయినా చెప్పు.

ఫోన్ చేస్తే నాకున్న ఒక్క చెవిలోనూ సగం మాటలే పడతాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాలుగేళ్ళ క్రితం ఎవరో మీ పశువుల ఆసుపత్రిలో వదిలేసి పోయారని నువ్వు నాకు తెచ్చిచ్చిన కుక్కపిల్ల గురించి ఇది. ఒళ్ళంతా బెల్లం రంగు, నేల మీద జీరాడే చెవులు. బెల్లం అని పేరు పెట్టుకున్నాను. దాని చెవులు ఇప్పుడు మరీ పాడయ్యాయి. ముందు నల్లటి మైనంలా వచ్చేది, ఇప్పుడు పచ్చటి చీము. నువ్వు పంపిన చుక్కలన్నీ వేశాను. నాలుగు రోజులు తగ్గుతుంది, ఐదో రోజు మళ్ళీ మొదలు. గోడకు తల రుద్దీ రుద్దీ అక్కడ జిడ్డు మరక పడింది. ఆవలించబోయి కుయ్యిమని నోరు మూసుకుంటుంది. పోయిన వారం తుడవబోతే నా చేతికి పళ్ళు పెట్టింది. గట్టిగా కాదు. పెట్టి, తనే భయపడి మంచం కిందికి దూరింది.

పక్కింటి సావిత్రమ్మ ముక్కు మూసుకుని, "ఎందుకక్కా ఈ కంపు? ఆవులప్ప బండిలో ఏసి యాడన్నా వదిలేసి రాకూడదా?" అంటోంది. ఆవులప్పంటే నీకు తెలుసు కదా, మా వీధి మగ్గాల చీరలు బెంగళూరు నగర్తపేటకు చేరవేసే గూడ్సు ఆటో అతను. ఆయన మాత్రం, "మూగజీవి, యాడికి పోతాదప్పా?" అన్నాడు.

ఇంకా ఘాటైన చుక్కలేవైనా ఉంటే పంపు.

అత్త.


యలహంక,
18 జూన్ 2025.

అత్తా,

ఇక చుక్కలు వద్దు, కుక్కను తీసుకుని నువ్వే రా అని నేను కబురు పెట్టడం, ఆవులప్ప బండిలో మీరిద్దరూ మొన్న సోమవారం రావడం, అంతా ఒక గంటలో అయిపోయినట్టుంది. ఆ గంటా వార్డులో కుక్కల అరుపులు. నేను చెప్పిన ప్రతిదానికీ నువ్వు తలూపావు. నీ తలూపుడు నాకు తెలుసు. వినపడనప్పుడే నువ్వు అంత వేగంగా ఊపుతావు. కాబట్టి మళ్ళీ మొదటినుంచీ రాస్తున్నాను.

కుక్క చెవి మన చెవిలా తిన్నగా ఉండదు. బావిలోకి దిగి, అడుగున పక్కకు తవ్వినట్టు ముందు కిందికి, తరువాత లోపలికి పోతుంది. ఏళ్ళ తరబడి వాచీ పుండుపడీ బెల్లం చెవిగొట్టాల లోపలి చర్మం మందమెక్కింది. దారి మూసుకుపోయింది. చుట్టూ ఉన్న మెత్తటి మృదులాస్థి రాయిలా గట్టిపడింది. నువ్వు వేసిన చుక్క ఒక్కటీ లోపలికి చేరి ఉండదు. పైగా చెవి అడుగున, పుర్రెలో, చిన్న గిన్నెలాంటి ఎముక ఒకటి ఉంటుంది. స్కాన్‌లో చూశాం, రెండు పక్కలా ఆ గిన్నెలు చీముతో నిండిపోయి ఉన్నాయి. నోరు తెరిస్తే నొప్పి పుడుతున్నది అందుకే.

దీనికి మందు లేదు. ఆపరేషనే దారి. చెవి గొట్టం మొత్తం తీసేసి, ఆ ఎముక గిన్నె తెరిచి, లోపల గీకి శుభ్రం చేసి, కుట్టేయాలి. ముందు బాగా పాడైన ఎడమ చెవి, రెండు మూడు నెలలకు కుడిది. వినికిడి పోతుంది, కాని దానికి ఇప్పటికే దాదాపు ఏమీ వినపడటం లేదు. ఇంకో చిన్న ప్రమాదం ఉంది. ముఖాన్ని కదిలించే నరం ఆ గొట్టాన్ని ఆనుకునే పోతుంది. అది దెబ్బతింటే ముఖం ఒక పక్కకు జారవచ్చు. అయితే అదేమంత పెద్ద విషయం కాదు. కుక్కకు అద్దంతో పనేముంది!

ఏ రోజు తెస్తావో రాయి.

నీ చైత్ర.


ఆనేకల్,
24 జూన్ 2025.

డాక్టర్ చైత్ర గారికి,

ఉత్తరం అందింది. బెల్లం చెవులు కోయడానికి నేను ఒప్పుకోను. నాకు తెలిసిన పసుపు నీళ్ళతో తుడుచుకుంటాను. ముఖం ఒక పక్కకు జారితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అద్దం అక్కరలేదు.

ఇక్కడ వాన బాగా పడుతోంది.

అక్కయమ్మ.


యలహంక,
28 జూన్ 2025.

అత్తా,

'గారు' అని రాశావు. పశువైద్యంలో పట్టా పుచ్చుకున్న రోజున కూడా నువ్వు నన్ను గారూ అనలేదు.

నువ్వు పొరపాటుగా అర్థం చేసుకున్నావు. చెవులు కోయం. పైకి కనిపించే వేలాడే చెవులు అలాగే ఉంటాయి. లోపలి గొట్టం మాత్రమే తీసేది. కింద బొమ్మ గీశాను చూడు. గీతలు పెట్టిన భాగం పోతుంది, మిగతాదంతా ఉంటుంది. బయటినుంచి చూసేవాళ్ళకు తేడా కూడా తెలియదు.

పసుపు నీళ్ళు వద్దత్తా. చీము ఎముకలో ఉంది. మెదడుకు దానికి మధ్య పలచటి గోడ ఒకటే అడ్డం. రోజూ అది నొప్పితో ముడుచుకుపోవడం నువ్వు కళ్ళారా చూస్తున్నావు. చూస్తూ కూడా వద్దంటున్నావంటే అది ప్రేమ కాదు, మొండితనం. కోపం వచ్చినా సరే, ఈ మాట చెప్పాల్సింది నేనే.

చైత్ర.


ఆనేకల్,
5 జూలై 2025.

చైత్రా,

బొమ్మ చూశాను. చెవులు కోస్తావనుకున్నది నా తెలివితక్కువ. కాని నేను అలిగింది చెవులకు కాదు. నీకు తెలియని మాట ఒకటి ఉంది. మీ నాన్నకు తెలిసీ నీకు చెప్పలేదు. నేనే రాస్తున్నాను.

నా మూతి ఎడమకు లాగినట్టు ఉంటుంది, కుడి కన్ను సరిగా మూతపడదు. చిన్నప్పుడు గాలి సోకిందని మీ ఇంట్లో చెప్పి ఉంటారు. గాలి కాదమ్మా. నాకు ఆరో ఏటినుంచే కుడి చెవిలో చీము కారేది. మా అమ్మ వెల్లుల్లి నూనె కాచి పోసేది. పన్నెండో ఏట చెవి వెనుక నిమ్మకాయంత వాచింది. జ్వరంతో ఒళ్ళు తెలియలేదు. బండి కట్టించి బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆపరేషన్ చేశారు. తెలివొచ్చాక నీళ్ళు తాగితే మూతి పక్కనుంచి కారి మెడ మీద పడ్డాయి. నర్సమ్మ తుడిచింది. ఎందుకు కారుతున్నాయో ఎవరూ చెప్పలేదు. డాక్టరు మా నాయనతో ఏదో అన్నాడు. మా నాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అంతే.

మళ్ళీ బడికి పోయిన రోజు, నేను పద్యం చెబుతుంటే ముందు వరుసలో పిల్లలు మూతులు వంకర పెట్టి చూపించారు. ఆ పద్యం పూర్తి కాలేదు. నా చదువు కూడా అక్కడితో సరి. రెప్ప పడని కంట్లో దుమ్ము పడి మూడేళ్ళు పుండు. కన్ను పోలేదు, అది నా అదృష్టం. ఫొటో తీసేటప్పుడల్లా నేను ఎవరో ఒకరి వెనక నిలబడతాను. మీ నాన్న పెళ్ళి ఫొటోల్లో వెతుకు, నా కొంగు దొరుకుతుంది.

ఇది నీమీద నింద కాదు. నువ్వు పుట్టేనాటికే నా ముఖం ఇలా ఉంది. అయితే 'పెద్ద విషయం కాదు' అన్నది నువ్వు. నిన్ను ఎత్తుకోగానే నువ్వు చూసి నవ్విన మొదటి ముఖం ఇదే.

బెల్లం నిన్నటినుంచి అన్నం ముట్టలేదు.

అత్త.


యలహంక,
9 జూలై 2025.

అత్తా,

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ విన్నాడు. తరువాత అన్నాడు: "నాకప్పుడు ఎనిమిదేండ్లు. ఆసుపత్రి మెట్ల మీద టిఫిను క్యారియరు పట్టుకోని కూసోని ఉండాను. అక్క బయటికొచ్చినప్పుడు ముఖం చూసి నేనే ముందు భయపడి యాడ్సినా. నా యాడుపు చూసే దానికి తెలిసిండాల. ఇన్నేండ్లు ఆ మాట నోట్లోనే ఉండాది." నీకు చెప్పమన్నాడు. తనకు తానుగా చెప్పలేడట.

నేను రాసిన వాక్యాన్ని వెనక్కి తీసుకోలేను. అది మూర్ఖపు మాట. నీ మనసు నొప్పించాను, క్షమించు. నాకు సమర్థించుకోవడానికి ఏమీ లేదు. ఒక్కటి మాత్రం నిజం. నీ ముఖం నాకు ఎప్పుడూ వంకరగా కనిపించలేదు. నీ ముఖం అలా ఉంటుంది, అంతే. వార్డులో ముఖం జారిన కుక్కల్ని చూస్తూ కూడా నాకు నువ్వు గుర్తు రాలేదంటే, అందుకే.

ఇప్పుడు మొత్తం నిజం రాస్తాను, నువ్వే నిర్ణయించు. ఈ ఆపరేషన్ నేను పదకొండు కుక్కలకు చేశాను. మూడింటికి ముఖం జారింది. వాటిలో రెండింటికి రెండు నెలల్లోపే తిరిగి వచ్చింది. ఒకదానికి రాలేదు. ఆ నరం నువ్వు మగ్గం మీద అడ్డంగా వేసే పేక పట్టు దారాలు నాలుగైదు కలిపి పేనినంత లావు ఉంటుంది. గట్టిపడిన గొట్టాన్ని అంటుకుపోయి ఉంటే విడదీసేటప్పుడు లాగక తప్పదు. లాగితే అది కొంతకాలం పనిచేయడం మానేస్తుంది. తెగితే మాత్రం మళ్ళీ రాదు. తెగకుండా చూస్తానని మాట ఇవ్వగలను. లాగకుండా చేస్తానని ఇవ్వలేను.

చేయకపోతే చీము లోపలికి పోతుంది. అది ఎప్పుడో నాకు తెలియదు. వెళ్తుందని మాత్రం తెలుసు.

ఇంకొకటి. నీ ఆపరేషన్ కాగితాలు నేను చూడలేదు కాబట్టి గట్టిగా చెప్పలేను. కాని చెవి వెనుక వాపూ, ఒళ్ళు తెలియని జ్వరమూ అంటే, ఆ రోజు చెవి తెరవకపోయి ఉంటే నువ్వు బతికేదానివి కాదేమో. ఇది నిన్ను ఒప్పించడానికి రాయడం లేదు. నీకు ఎవరూ చెప్పలేదన్నావు, అందుకని.

చైత్ర.


ఆనేకల్,
13 జూలై 2025.

చైత్రా,

బెల్లాన్ని గురువారం ఆవులప్ప తెస్తాడు. నేను రాను. ఆపరేషన్ గది వాసన ఉన్న చోట నాకు కాళ్ళు నిలవవు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి పంపుతున్నాను.

అడగాల్సినవి మూడు. మత్తు దిగేటప్పుడు దాని దగ్గర ఎవరుంటారు? ముఖం జారితే ఆ రోజే నాకు చెబుతావా? నాన్నతో కాదు, నాతో?

మూడోది రాయబోయి మరిచిపోయాను. దానికి రాగి ముద్ద, కోడి పులుసు ఇష్టం. బిస్కెట్టు పెట్టకండి.

మునీంద్రకు చెప్పు: వాడు ఏడ్చినందుకు నాకు కోపం లేదు. ఆ రోజు నాకోసం ఏడ్చింది వాడొక్కడే.

అత్త.


యలహంక,
19 జూలై 2025.

అత్తా,

ఈ పొద్దున ఆపరేషన్ అయింది. బెల్లం బాగుంది. ముందు ఆ మాట రాశాను, తరువాత రెండో మాట: ముఖం ఎడమ పక్క జారింది. పెదవి వేలాడుతోంది, ఎడమ రెప్ప మూతపడటం లేదు. ఆ రోజే చెప్పమన్నావు. ఉత్తరానికి రెండు రోజులు పడుతుందని ఈ కాగితం నేరుగా ఆవులప్ప చేతికే ఇస్తున్నాను.

మూడు గంటలు పట్టింది. గొట్టం నేననుకున్నదాని కంటే గట్టిగా ఉంది, కొబ్బరి చిప్పను తాకినట్టు. నరం దాని కింది భాగానికి పూర్తిగా అతుక్కుపోయి ఉంది. ఆ ఒక్క అంగుళం దగ్గరే నలభై నిమిషాలు. మా పెద్ద సర్జన్ అమరనాథ్ గారు నా పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మధ్యలో ఒక్కసారే నోరు తెరిచారు: "తొందరేమీ లేదమ్మా, నరం ఎక్కడికీ పోదు." చేయి అందించలేదు. నేను అడిగితే ఇచ్చేవారే, కాని నేను అడగనంతసేపూ నన్ను నమ్మారు. ఆ మనిషి దగ్గర పని నేర్చుకున్నందుకు నాకు గర్వంగా ఉంది.

నరం తెగలేదు. మొదటినుంచి చివరివరకూ ఒకే తెల్లటి పోగులా నా కళ్ళతో చూశాను. తరువాత ఎముక గిన్నె తెరిస్తే లోపల విరిగిన పెరుగులాంటిది నిండా ఉంది. ప్రతి మూలా గీకి, కడిగి, మళ్ళీ గీకాను. పొర ఒక్కటి మిగిలినా నెలల తరువాత మళ్ళీ చీము పడుతుంది.

మత్తు దిగేటప్పుడు దాని తల నా ఒళ్ళోనే ఉంది. కళ్ళు తెరిచి మొదట చేసిన పని, నోరు పూర్తిగా తెరిచి ఆవలించడం. ఒక పక్క పెదవి జారిపోయి ఉన్నా, కుయ్యిమనకుండా ఆవలించింది.

నాలుగు రోజుల్లో పంపుతాను. కంటికి జెల్ నాలుగు గంటలకొకసారి వేయాలి. కన్ను ఎండకూడదు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

చైత్ర.


ఆనేకల్,
6 ఆగస్టు 2025.

చైత్రా,

తిట్టడానికి తీరిక లేదు. బెల్లంతో సరిపోతోంది.

ఆవులప్ప గుమ్మంలోనే నిలబడి, "అక్కయమ్మక్కా, కుక్క బాగుండాది. మూతి జారిండాది, అంతే. నువ్వు దిగులుపడొద్దు" అని మూడుసార్లు గట్టిగా అరిచాడు. నేను దిగులుపడలేదు. దాని ముఖం చూడగానే ఏం చేయాలో నాకు తెలిసిపోయింది. అదే విచిత్రం. నేను ఎంత భయపడ్డానో, అది ఎదురుగా వచ్చి నిలబడితే అంత సులువుగా ఉంది.

నీ కాగితంలో రాసినవన్నీ చేస్తున్నాను. నువ్వు రాయనివి కూడా కొన్ని ఉన్నాయి, మిగతావాళ్ళకు పనికొస్తాయేమో రాసుకో. జారిన పక్క దవడలో తిండి చిక్కుకుంటుంది, దానికి తెలియదు. తిన్నాక వేలుపెట్టి తీయాలి, లేకుంటే పుండుపడుతుంది. ముద్దలు గోళీలంత చేసి బాగున్న పక్క పెట్టాలి. గిన్నెలో నీళ్ళు నిండుగా పోయాలి. అడుగున ఉంటే మూతి ముంచలేక సగం కారిపోతుంది. సాయంత్రం వీధిలో బళ్ళు తిరిగే వేళకు కిటికీకి తడిగుడ్డ కడుతున్నాను, దుమ్ము ఆగుతుంది. అది నిద్రపోయేటప్పుడు రెప్పను వేలితో మెల్లగా కిందికి దించి, కాసేపు అలాగే పట్టుకుంటాను. వదిలాక కూడా కొంచెం నిలుస్తుంది.

నీ మీద ఉన్న పట్టీ విప్పి చూస్తే కుట్లు ఎంత సన్నగా ఉన్నాయో! నేను పడుగు పోగులు అతికే దాన్ని, నాకు తెలుసు సన్నపు పని అంటే ఏమిటో. సావిత్రమ్మను పిలిచి చూపించాను. "మీ మేనకోడలు ఏసినవా ఇవి?" అంది. అవునన్నాను. కంపు లేదని కూడా ఒప్పుకుంది.

మూతి జారినా అది ఆడుకోవడం మానలేదు. తోక ఊపడానికి మూతితో పని లేదని దానికి తెలుసు.

అత్త.

తాజా కలం: పైన 'నీ మీద ఉన్న పట్టీ' అని రాశాను. దాని మీద అని దిద్దుకో. కళ్ళద్దాలు మార్చాలి.


యలహంక,
1 సెప్టెంబర్ 2025.

అత్తా,

మొన్న ఏం జరిగిందో నీకు తెలియాలి. మధ్యాహ్నం ఆసుపత్రికి ఆవులప్ప ఫోను. నగర్తపేటలో బళ్ళ రొద మధ్యనుంచి అరుస్తున్నాడు: "డాక్టరమ్మా, అక్కయమ్మక్క చెప్పమనింది. కుక్క కన్ను మూసిందంట!"

బాగా కోలుకుంటున్న కుక్క, ఆరు వారాలకు పోయిందంటే మెదడుకు పాకి ఉంటుంది, ఎక్కడో ఒక మూల గీకకుండా వదిలేశాను అనుకున్నాను. ఏడుపు ఆగలేదు. అమరనాథ్ గారు పరుగెత్తుకొచ్చారు. ఫోన్లో ఆవులప్ప, "ఏమమ్మా యాడుస్తావు? సంతోషపడాల గదా? దినమూ మూయంది ఈ దినం మూసిందని అక్క పొద్దున ఎగిరెగిరి చెప్పింది!" అన్నాడు. అప్పటికి నాకు అర్థమైంది. ఏడుస్తూనే నవ్వాను. మా సార్ నా చేతిలో ఫోను లాక్కుని, "ఏ కన్ను? పూర్తిగానా, సగమా?" అని అడిగి తెలుసుకున్నారు. పూర్తిగానే, ఎడమ కన్ను, ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

నీ ఆగస్టు ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. దవడలో వేలు పెట్టి తీయడం, నిండు గిన్నె, గోళీల ముద్దలు, ఇవేవీ మేము ఇంటికి పంపే కాగితంలో లేవు. సార్ వాటిని అందులో చేర్చమన్నారు. "ఈమె ఎక్కడ నేర్చుకుంది?" అని అడిగారు. నేను చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు కుడి చెవి గురించి. అక్టోబరులో చేయాలి. ఈసారి అమరనాథ్ గారే చేస్తారు, అడిగాను. ఆయన చేయి నాకంటే నూరు రెట్లు స్థిరం. రెండోసారి నీకు ఆ ముఖం పంపే ధైర్యం నాకు లేదు.

చైత్ర.


ఆనేకల్,
6 సెప్టెంబర్ 2025.

చైత్రా,

కుడి చెవి కూడా నువ్వే చెయ్యి. అమరనాథ్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన మంచివాడని నీ ఉత్తరంలోనే తెలిసింది. అయినా నువ్వే చెయ్యి.

ఎందుకో చెబుతాను. నా ఆపరేషన్ అయ్యాక పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ప్రతి సాయంత్రం ఆ డాక్టరు నా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నల్లటి మనిషి, వేళ్ళకు సబ్బు వాసన. నా రెప్పను వేలితో దించి పట్టుకుని, కాసేపుండి, ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయేవాడు. తప్పు చేసినవాడు కాబట్టే వచ్చి కూర్చుంటున్నాడని నేను అనుకున్నాను. యాభై ఏళ్ళు ఆయన్ను తిట్టుకున్నాను. బెల్లం రెప్ప పట్టుకుని కూర్చున్న రోజుల్లో నాకు తట్టింది, రెప్ప దించడం నాకు నేర్పింది ఆయనే. ఆ కన్ను ఈనాటికీ చూస్తోందంటే అందులో ఆయన వేలు కూడా ఉంది.

ఆయన మంచి డాక్టరే అయి ఉంటాడు. పన్నెండేళ్ళ పిల్లకు ఒక మాట చెప్పడం చేతకాలేదు, అంతే. 'నరం దెబ్బ తినిందమ్మా, నువ్వు బతకాలని తప్పలేదు' అని ఉంటే ఆ పద్యం నేను పూర్తి చేసేదాన్నేమో.

నువ్వు ఆ రోజే చెప్పావు. మొదటి వాక్యం బాగుందని, రెండో వాక్యం జారిందని. దాచలేదు, తప్పు నీది కాదనీ రాయలేదు. చేతులు వణకనివాళ్ళు చాలామంది దొరుకుతారు. నాకు నిజం రాసే డాక్టరు కావాలి. మళ్ళీ ముఖం జారితే నేనున్నాను, పని తెలిసినదాన్ని.

ఈసారి నేనే వస్తాను. మత్తు దిగేటప్పుడు నేను ఉంటాను. కాళ్ళు నిలవకపోతే కూర్చుంటాను.

అత్త.


యలహంక,
18 అక్టోబర్ 2025.

అత్తా,

నువ్వు వార్డులో బెల్లం పక్కనే కూర్చుని ఉన్నావు, అయినా ఈ రొదలో నేను చెబితే తలూపుతావు. అందుకే రాసిస్తున్నాను. ఆపరేషన్ బాగా జరిగింది. నరం ఈసారి అతుక్కుని లేదు, తాకాల్సిన పనే పడలేదు. ముఖం రెండు పక్కలా సమంగా ఉంది. రెండు రెప్పలూ కొడుతోంది. ఏ మాట వాడాలో ఈసారి చూసుకుని రాశాను.

ఇక దానికి ఏమీ వినపడదు. అది మాత్రం నిజం.

కాఫీ తాగు. పొద్దుటినుంచి ఏమీ తాగలేదని నాన్న చెప్పాడు.

చైత్ర.


ఆనేకల్,
16 నవంబర్ 2025.

చైత్రకు,

కుట్లు మానిన చోట బొచ్చు మొలిచింది. తల విదిలించడం లేదు. గోడకు సున్నం కొట్టించాను. నిన్న సావిత్రమ్మ ఇంట్లో చొరబడి ఎముక ఎత్తుకొచ్చి, కటకటా కొరికింది. ఆమె తిట్టుకుంటూ వచ్చి, అది కొరకడం చూసి, "పోనీలే" అని ఇంకొకటి వేసి వెళ్ళింది. నాలుగేళ్ళ కుక్క మళ్ళీ పిల్లలా తయారైందంటే, ఇన్నాళ్ళూ ఎంత నొప్పి మింగిందో ఇప్పుడు తెలుస్తోంది.

వినపడదని నువ్వు బాధపడుతూ రాశావు. పడకు. నేను మడమతో నేలను తడితే ఎక్కడున్నా తిరిగి చూస్తుంది. లేపేటప్పుడు ముందు ముక్కు దగ్గర చేయి పెడతాను, ఉలిక్కిపడదు. ఇద్దరికీ వినపడని ఇంట్లో అరుపులు ఉండవు, అదొక సుఖం.

ఈ వారం కొత్త పడుగు ఎక్కించాను, ఎర్రంచు పచ్చ చీర. నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోగానే బెల్లం వచ్చి గట్టున పడుకుని మెడను మగ్గం కొయ్యకు ఆనించింది. ఇదివరకు దాని తలకు ఏదీ తగలనిచ్చేది కాదు. నేను పోగును బిగించే పలక లాగి బాదాను. తోకతో నేల మీద ఒకసారి కొట్టింది. మళ్ళీ బాదాను. మళ్ళీ కొట్టింది. ఆ దెబ్బ కొయ్యలోంచి దాని ఎముకలోకి పోతోందన్నమాట. నాకూ మగ్గం చప్పుడు చెవిలో కాదు, కాళ్ళలోంచి మోకాళ్ళలోకి వస్తుంది. ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, చెప్పినా ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను.

జానెడు నేశాక దారం తెగి ఆగాను. అతుకుదామని వంగితే బెల్లం తలెత్తి నావైపు చూసింది, ఎందుకు ఆపావన్నట్టు. సరేనమ్మా అని దారం అతికి మళ్ళీ మొదలుపెట్టాను.

అత్త.